అంజూర చెట్టు మొండిదే, కాపు మాత్రం మొండిది కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. దానిమ్మ తోటలను బ్యాక్టీరియా మచ్చ తెగులు దెబ్బతీశాక అనంతపురం వైపూ, సరిహద్దు దాటి బళ్లారి వైపూ చాలామంది రైతులు అంజూర గురించి ఆరా తీస్తున్నారు. పత్రికల్లోనూ ఫోన్లలో తిరిగే వీడియోల్లోనూ వాళ్లకు దొరుకుతున్న జవాబు ఒక్కటే. నీళ్లు అక్కర్లేని పంట, తెగుళ్లు రాని పంట, ఎండబెట్టి అమ్మితే అఫ్ఘాన్ అంజూర ధర పలికే పంట. ఇందులో మొదటి మాట సగం నిజం. రెండోది నిజం కాదు. మూడోది మనం నాటే రకాలకు వర్తించదు. ఈ మూడూ నమ్మి ఎకరాలకు ఎకరాలు మొక్కలు దించుకోబోతున్న వారి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

అంజూర మొండి చెట్టే. సున్నపు నేలలో పెరుగుతుంది, కొంత చౌడునూ ఓర్చుకుంటుంది, 500 నుంచి 700 మిల్లీమీటర్ల వానతో బతుకుతుంది. మొదలు దాకా నరికినా మళ్లీ చిగురిస్తుంది. అయితే చెట్టు బతికినంత మాత్రాన అమ్ముకోదగిన కాయ వస్తుందని కాదు. కాయ రావాలంటే కత్తిరింపు సరైన నెలలో పడాలి, నీళ్లు వరస తప్పకుండా అందాలి, వానాకాలంలో ఆకు నిలవాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, బుట్ట మాత్రం నిండదు.

ముందు ఎండు అంజూర సంగతి. కిరాణా కొట్లలో తాడుకు గుచ్చి వేలాడదీసే ఎండు అంజూర చాలావరకు అఫ్ఘనిస్తాన్ నుంచి వస్తుంది. ప్రపంచంలో ఈ సరుకుకు పెట్టింది పేరు టర్కీ, అందులోనూ ఐడిన్ ప్రాంతం. అక్కడి సరిలోప్ స్మిర్నా తరగతికి చెందిన రకం. ఆ తరగతి కాయలు పుప్పొడి అందకపోతే పండకుండానే రాలిపోతాయి. కాప్రి అనే మగ అంజూర చెట్టు కాయల్లో పుట్టే చిన్న కందిరీగ ఆ పుప్పొడిని లోపలికి మోసుకుపోవాలి. స్మిర్నా మొక్కలు తెచ్చి నాటుకున్న కాలిఫోర్నియా రైతులు ఏళ్ల తరబడి కాయలు రాలిపోతుంటే చూస్తూ ఉండిపోయారు. 1899లో ఆ కందిరీగ అక్కడ స్థిరపడ్డాకే పంట చేతికొచ్చింది. పుప్పొడి పడ్డ గింజలో పప్పు ఉంటుంది. మంచి ఎండు అంజూర నమిలితే తగిలే కమ్మదనం ఆ పప్పుదే. పైగా సరిలోప్ పండు చెట్టు మీదే సగం ఎండి, తనంతట తాను కింద పడుతుంది.

మన దగ్గర దొరికే పూనా, దినకర్, డయానా రకాలు వేరు. వీటికి పుప్పొడి అక్కర్లేదు, కందిరీగ అక్కర్లేదు. కాయ దానంతటదే పండుతుంది, గింజ మాత్రం బోలుగా ఉంటుంది. అందువల్ల ‘అంజూరలో చచ్చిన పురుగు ఉంటుంది, శాకాహారులు తినకూడదు’ అంటూ తిరిగే సందేశం మన తోటల తాజా పండుకు వర్తించదు. మేడిపండు సంగతి వేరు, మేడికి కావలసిన కందిరీగలు మన ఊళ్లలోనే ఉన్నాయి. ఈ భయం వల్ల తాజా అంజూర కొనడం మానుకున్న ఇళ్లు ఉన్నాయి కాబట్టే ఇంత చెప్పాల్సి వస్తోంది.

ఎండబెట్టడం లెక్క కూడా చూడండి. తాజా పండులో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే. 100 కిలోలు ఎండబెడితే పాతిక కిలోలకు అటూ ఇటూ తేలుతుంది. అంటే ఎండు పండు ధర తాజా పండు ధరకు నాలుగు రెట్లు ఉంటే ఇంకా లాభం మొదలు కాలేదన్నమాట. ఆపైన కూలి, డ్రయర్ కరెంటు. 55 నుంచి 60 డిగ్రీల వేడిలో నిదానంగా ఆరబెట్టాలి. వేడి పెంచి తొందరపెడితే పైన తోలు గట్టిపడి లోపల తడి మిగులుతుంది, ఆ తడికి బూజు పడుతుంది. మనకున్న రకాల్లో ఎండబెట్టడానికి డయానా కొంత మెరుగు, కాయ పెద్దది, తీపి ఎక్కువ. అయినా మిగిలిపోయిన పండును కాపాడుకోవడానికే ఎండబెట్టండి. ఆ లెక్క మీద తోట వేయకండి.

తాజా పండుకు మనం చూసి నేర్చుకోవాల్సింది పుణె దగ్గరి పురందర్ తాలూకాను. అక్కడి అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడివాళ్లకు రెండు కాపులు, ఒక్కో కాపు కాలాన్ని బహార్ అంటారు. వానల మొదట్లో కత్తిరిస్తే చలికాలంలో వచ్చేది ఖట్టా (పుల్లని) బహార్, వానలు వెనకబట్టాక కత్తిరిస్తే వేసవి మొదట్లో వచ్చేది మీఠా (తియ్యని) బహార్. పేర్లలోనే ఉన్నట్టు రుచి రెండోదానిదే. దానిమ్మ రైతులకు బహార్ పద్ధతి కొత్త కాదు కనుక అనంతపురం వాళ్లకు ఇది పట్టుబడటం కష్టం కాదు.

అనంతపురం లెక్క ప్రకారం చూస్తే మనకు వాన ఎక్కువగా పడేది సెప్టెంబరులో. ఆ ముసురు తగ్గేదాకా ఆగి, సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట్లో కత్తిరిస్తే ఫిబ్రవరి నుంచి కాయ దిగుతుంది. ఎండ 39, 40 డిగ్రీలు దాటితే కాయ ఊరకుండానే పైపైన పండిపోతుంది, తోలు గట్టిపడుతుంది. అందుకని కోతలో ఎక్కువ భాగం ఏప్రిల్ లోపు పూర్తయ్యేలా చూసుకోవాలి. నవంబరులో తీరిగ్గా కత్తిరించిన తోటలు మే ఎండకు చిక్కుతాయి. జూన్‌లో కత్తిరిస్తే లేత చిగురంతా తుప్పు తెగులు పాలవుతుంది.

కత్తిరింపుకు ముందు నీళ్లు ఆపాలి. తేలిక నేలలో మూడు వారాలు, బరువు నేలలో నాలుగు వారాల పైన పడుతుంది. ఆకు పసుపెక్కి రాలడం మొదలయ్యాక కత్తెర పట్టాలి. అంజూరలో కాయ కొత్త చిగురు మీద, ఆకు మొదట్లో వస్తుంది. ఒక్కో ఆకు సందుకు మామూలుగా ఒక కాయ. కాబట్టి ఎన్ని బలమైన కొత్త రెమ్మలు తెప్పించగలిగితే అంత కాపు. పోయినేడాది కొమ్మ మీద మొదలు దగ్గర రెండు నుంచి నాలుగు కళ్లు, అంటే చిగురు మొగ్గలు, ఉంచి మిగతాది తీసేయాలి. లోపలికి పెరిగేవి, ఒకదానికొకటి రాసుకునేవి, మొదట్లోంచి లేచే పిలకలు మొత్తం తీసేయాలి. చెట్టు నడిమధ్య ఎండ దిగాలి. కోసిన ప్రతి లావు కొమ్మకూ బోర్డో పేస్టు పూయాలి, అంటే 10 లీటర్ల నీటికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 1 కిలో, సున్నం 1 కిలో. ఆకు లేని ఆ రోజుల్లో మాను మీద నేరుగా ఎండ పడి బెరడు చిట్లుతుంది, ఆ చీలికల్లోనే తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది. అందువల్ల మానుకు సున్నం కొట్టడం తప్పనిసరి. చాలామంది దీన్ని అలంకారం అనుకుని వదిలేస్తున్నారు.

పూనా రకం నిలువుగా లేస్తుంది, కొమ్మ కింది కళ్లు నిద్రపోతాయి. వాటిని లేపడానికి పురందర్ వైపు రైతులు గాటు పెడతారు. ఎనిమిది నెలల వయసున్న కొమ్మ మీద, కన్నుకు సరిగ్గా పైన, రెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పున ఏటవాలుగా బెరడును, దానితోపాటు పలచటి చెక్కను తీస్తారు. పైనుంచి దిగే సంకేతం తెగి ఆ కన్ను పగులుతుంది. ద్రాక్ష రైతులు వాడే హైడ్రోజన్ సైనమైడ్ ఇక్కడా పనిచేస్తుంది గానీ అది విషం. చేతులకు, ముఖానికి రక్షణ లేకుండా ముట్టుకోకూడదు, కొట్టే మనిషి ముందూ తర్వాతా కొన్ని రోజులు మద్యం తాగకూడదు. చిన్న తోటకు గాట్లే మేలు.

తోట వేసేటప్పటి విషయాలు క్లుప్తంగా చెబుతాను. నీరు నిలవని గరప నేల కావాలి. నల్లరేగడిలో వేయక తప్పకపోతే ఎత్తు కట్టల మీదే నాటాలి. వంగ, టమాట, బెండ చాలాకాలం పండించిన పొలమైతే ముందు వేర్లు పీకి చూడండి. వేర్ల మీద బుడిపెలు కనిపిస్తే అది నులిపురుగు, అంజూరకు అంతకు మించిన శత్రువు లేదు. అలాంటి నేలలో ఒక పంటకాలం బంతి వేసి దున్ని, గుంతకు కిలో వేపపిండి కలిపాకే నాటాలి. గుంత రెండడుగుల నలుచదరం, రెండడుగుల లోతు. పశువుల ఎరువు 15 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అర కిలో. 5 మీటర్ల ఎడంతో ఎకరాకు 160 మొక్కలు పడతాయి. దగ్గర దగ్గరగా 300 నాటమని చెప్పే నర్సరీ మొక్కలు అమ్ముకోవడానికి చెబుతోంది. కత్తిరింపు క్రమం తప్పని రైతుకే అంత దగ్గరి ఎడం పనికొస్తుంది.

మొక్క కొనేటప్పుడు తల్లి చెట్టును చూపించమని అడగండి. ఆకు మీద పసుపు పచ్చ మచ్చలు గజిబిజిగా ఉండి, ఆకు వంకర తిరిగి ఉంటే అది మొజాయిక్ వైరస్. కొమ్మ ముక్కతో పాటే అది కొత్త తోటకు వస్తుంది, కంటికి కనపడని నల్లి దాన్ని చెట్టు నుంచి చెట్టుకు చేరవేస్తుంది. దానికి మందు లేదు. అసలు మొక్కలు సొంతంగా చేసుకోవడమే మంచిది. పోయినేడు పెరిగిన, పెన్సిలుకు బొటనవేలికి మధ్య లావున్న ముదురు కొమ్మను 8 నుంచి 10 అంగుళాలు తీసుకోవాలి, నాలుగు కణుపులు ఉండాలి. కింది కోత కణుపు కిందే నేరుగా, పై కోత ఏటవాలుగా. ఏది కింద, ఏది పైన అని తడబడకుండా ఇది గుర్తు. కారే పాలు ఆరాక ఇసుక, ఎరువు కలిపిన సంచిలో మూడింట రెండు వంతులు పాతాలి. ముందు ఆకులొస్తాయి, వేర్లు తర్వాత వస్తాయి. ఆకు చూసి వేరు పట్టిందనుకుని నీళ్లు ఎక్కువ పోస్తే ముక్క కుళ్లుతుంది. రెండు నెలలు కదిలించకూడదు. నాటిన మొక్కను రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో తుంచి, తలా ఒక దిక్కుకు పోయే మూడు నాలుగు కొమ్మలే ఉంచాలి.

నీళ్ల విషయంలో ‘అక్కర్లేదు’ అన్నమాట ఎంత నష్టం చేస్తోందో చెప్పలేను. ఎదిగిన చెట్టుకు కాయ మీద ఉన్నప్పుడు, ఎండలు ముదిరే కొద్దీ, డ్రిప్‌తో రోజుకు 15 నుంచి 20 లీటర్లు కావాలి. అంతకన్నా ముఖ్యం వరస తప్పకపోవడం. బోరు ఎండి పది రోజులు నీళ్లు ఆగితే పిందె రాలుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా తడిపితే మిగిలిన కాయ కన్ను దగ్గర, అంటే అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర, పగులుతుంది, పగిలిన కాయలోకి చీమ, పులుపు పురుగు దూరి పులిసిపోతుంది. పాదులో ఎండు గడ్డి, వేరుశనగ పొట్టు నాలుగు అంగుళాల మందాన పరిస్తే ఈ ఎత్తుపల్లాలు చాలా తగ్గుతాయి. మానుకు అరడుగు దూరం వదలాలి.

కాయ పెరుగుదల తీరు తెలియకపోవడం వల్ల జరిగే పొరపాటు మరొకటి. అంజూర పిందె మొదట వేగంగా ఊరుతుంది. తర్వాత కొన్ని వారాలు ఏమాత్రం పెరగకుండా ఆగిపోతుంది. చివర్లో వారం పది రోజుల్లో ఉబ్బి రంగు తిరిగి తీపెక్కుతుంది. మధ్యలో ఆగినప్పుడు కంగారుపడి యూరియా వేస్తే రెమ్మ సాగుతుంది, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, కాయ రుచి పలచబడుతుంది. నత్రజని కత్తిరింపు సమయంలోనూ, ఆ తర్వాత నెలకూ వేసి ఆపాలి. కాయ ఉబ్బే ముందు కావలసింది పొటాష్. ఐదేళ్లు దాటిన చెట్టుకు ఏటా 30 నుంచి 40 కిలోల పశువుల ఎరువు పడితేనే ఈ రసాయనాలు పనిచేస్తాయి.

తెగుళ్లు రావన్నవాళ్లు ఆగస్టులో ఏ అంజూర తోటకైనా వెళ్లి ఆకు తిరగేసి చూడాలి. ఆకు అడుగున గోధుమ రంగు పొడి చుక్కలు, పైన లేత పసుపు మచ్చలు కనిపిస్తే అది తుప్పు తెగులు. తడి వాతావరణం రెండు వారాలు సాగిందంటే చెట్టు ఆకులన్నీ దులిపేసుకుంటుంది. ఆకు పోయిన చెట్టు వానాకాలంలోనే అకాలంగా చిగురిస్తుంది, అక్టోబరు కత్తిరింపు తర్వాతి కాపుకు దాచుకోవాల్సిన బలమంతా అక్కడ ఖర్చవుతుంది. అందుకే ఈ తెగులు నష్టం ఆరు నెలల తర్వాత తేలుతుంది, రైతు దాన్ని వేరే కారణానికి అంటగడతాడు.

దీనికి మొదటి మందు చీపురు. రాలిన ఆకును వారానికోసారి ఊడ్చి తోట బయట తగలబెట్టాలి లేదా లోతుగా పూడ్చాలి. రెండోది వానలకు ముందే ఒక శాతం బోర్డో మిశ్రమం. ప్లాస్టిక్ డ్రమ్ములో 50 లీటర్ల నీటికి 1 కిలో మైలుతుత్తం, మరో డ్రమ్ములో 50 లీటర్లకు 1 కిలో మంచి సున్నం కరిగించి, తుత్తం నీటిని సున్నపు నీటిలోకి పోస్తూ కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. కలిపాక మెరుగు పెట్టిన కొడవలి మొన ముంచి చూడండి. దాని మీద ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాల్లేదు, ఇంకొంచెం కలపాలి, లేకపోతే ఆకు మాడుతుంది. ఏ రోజుది ఆ రోజే వాడాలి. ఆకు అడుగు తడవకపోతే కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే. మచ్చలు కనిపించాక మాంకోజెబ్ లీటరుకు రెండున్నర గ్రాములు, పదిహేను రోజుల ఎడంతో కొట్టడం వాడుకలో ఉంది. కాయ ఉబ్బడం మొదలయ్యాక మాత్రం ఏ మందూ కొట్టకూడదు. అంజూరను తోలుతో సహా తింటారు, అందులోనూ పిల్లలు తింటారు.

మాను మొదట్లో రంపపు పొట్టు రాలి కనిపిస్తే లోపల తొలిచే పురుగు ఉన్నట్టే. రంధ్రంలోకి ఇనుప తీగ పోనిచ్చి పురుగును చంపి, పెట్రోలు తడిపిన దూది కుక్కి, బురదతో మూసేయాలి. పిండినల్లి చీమల వెంట వస్తుంది కాబట్టి ముందు చీమల దారి కట్టాలి. పికిలిపిట్టలకు, చిలుకలకు, గబ్బిలాలకు వల తప్ప మరో మార్గం లేదు.

కోత దగ్గరే చాలా తోటలు ఓడిపోతున్నాయి. కోశాక తీపెక్కే పండు కాదిది. పచ్చిగా కోసి మగ్గబెడదామనుకుంటే మెత్తబడుతుంది గానీ రుచి రాదు. మెడ వంగి కాయ కిందికి వేలాడాలి, పట్టుకుంటే మెత్తగా తగలాలి, తొడిమ తుంచితే పాలు కారకూడదు లేదా చుక్క మాత్రమే రావాలి. పాలు ధారగా వస్తే ఇంకా రెండు రోజులు ఆగాలి. తెల్లవారుజామున, తొడిమతో సహా కోసి, ఒకే వరసలో పేర్చాలి. మామూలు వేడిలో రెండు మూడు రోజులకు మించి నిలవదు. 0 నుంచి 2 డిగ్రీల చల్లదనంలో, తేమ ఉన్న గదిలో వారం పైన ఆగుతుంది. రోజు విడిచి రోజు కోత తప్పదు, కాపు నడిచినన్నాళ్లు కూలీలు అందుబాటులో ఉండాలి. బెంగళూరుకో హైదరాబాదుకో రాత్రికి రాత్రి చేరే ఏర్పాటు లేని ఊళ్లో పెద్ద తోట పెట్టడం సాహసమే.

కూలీల చేతుల గురించి కూడా ఆలోచించాలి. అంజూర పాలు చర్మానికి తగిలి, దాని మీద ఎండ పడితే కాలిన బొబ్బలు లేస్తాయి. మర్నాడు గానీ బయటపడదు, నల్లటి మచ్చలు చాలాకాలం ఉంటాయి. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు ఇవ్వడం రైతు బాధ్యత.

మిద్దె మీద పెంచాలనుకునేవాళ్లకు ఈ చెట్టంత మంచిది మరొకటి లేదు. వేర్లు ఇరుకైతే ఇంకా తొందరగా కాస్తుంది. 12 అంగుళాల కుండీలో మొదలుపెట్టి రెండో ఏడు 18 అంగుళాలకు మార్చండి. రెండేళ్లకోసారి ఆకు లేనప్పుడు బయటకు తీసి, చుట్టూ రెండంగుళాల వేరు కోసి, కొత్త మట్టితో మళ్లీ నాటాలి. పెరగకుండా ఆగిన కాయ చివరి దశకు వచ్చాక దాని కన్ను మీద ఒక్క చుక్క ఆలివ్ నూనె పెడితే వారం రోజుల్లో పండుతుంది. మధ్యధరా దేశాల పాత పద్ధతి ఇది, పనిచేస్తుంది. మరీ ముందుగా పెడితే మాత్రం కాయ చప్పగా పోతుంది.

మీ పత్రికను ఆన్‌లైన్‌లో చదివే అమెరికా తెలుగువాళ్లకూ ఒక మాట. న్యూజెర్సీ, న్యూయార్క్ ప్రాంతాల్లో ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు కాలాబ్రియా, సిసిలీ ఊళ్ల జ్ఞాపకంగా అంజూర చెట్లను పెంచుకుంటూ వచ్చాయి. చలికాలం ముందు చెట్టు ఒకవైపు వేర్లు కోసి, పక్కకు వంచి, కందకంలో పడుకోబెట్టి మట్టి కప్పుతారు. కొందరు గోనెలు చుట్టి కడతారు. పక్కింట్లో అలాంటి పెద్దాయన ఉంటే అడిగి నేర్చుకోండి, కొమ్మ కూడా ఇస్తారు. ఇండియా నుంచి కొమ్మ ముక్కలు సామానులో తీసుకెళ్లకండి, అనుమతి లేకుండా కుదరదు. అక్కడ చలికి ఓర్చే షికాగో హార్డీ, సెలెస్ట్, బ్రౌన్ టర్కీ రకాలు దొరుకుతాయి. కుండీలో పెంచితే ఆకు రాలాక గ్యారేజీలో పెట్టి నెలకోసారి కొద్దిగా తడిపితే చాలు.

మీ సేద్యం పేజీకి ఒక విన్నపం. అంజూర తోట గురించి వార్త వేసినప్పుడు ఎకరా ఆదాయంతో పాటు రకం పేరు, తోట వయసు, కత్తిరించిన నెల, బోరులో నీళ్లు ఏ నెల దాకా ఉన్నాయి, పండు ఎంత దూరం వెళ్లింది, దారిలో ఎంత పాడైంది అన్నవి కూడా అడిగి రాయండి. ఉద్యాన శాఖ మొక్కలకు సాయం చేసేటప్పుడు, నాలుగైదు ఊళ్ల అంజూర రైతులు కలిసి వాడుకునే చిన్న చల్లగది గురించి కూడా ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పండ్లతోటల రైతు,
అనంతపురం జిల్లా